మా చెల్లెలి పెండ్లి మేళం

ఈ సంవత్సరపు సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందని సంపాదక వర్గంవారు కోరినప్పుడు ప్రబంధ వర్ణనల మీద ఒక వ్యాసం ఇద్దామనుకున్నాను. తెలుగు ఉపన్యాసకుడి నుంచి సాధారణంగా అటువంటిదే ఆశిస్తారు. అయితే ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు తరగతి ముగిసే వేళ లేచి వేసిన ప్రశ్న నా వద్ద బాకీగా ఉండిపోయింది. "సార్, మీ చెల్లెలి పెండ్లిలో సన్నాయి మేళం పెట్టించారట. అది గుళ్ళో వాయించేది కదా! మనవాళ్ళు పెట్టించవచ్చునా?" అని అతడడిగాడు. వెనుక బల్లల మీద ఎవరో నవ్వారు. ఇంతలో గంట మ్రోగింది. "తీరికగా చెబుతానులే" అని బయటపడ్డాను. నిజానికి ఆ గంట నన్ను ఆదుకున్నది. ఆ బాకీని ఇప్పుడు ఈ పుటల్లో తీర్చుకుంటున్నాను.

మా ఊరు పాల్వంచ నుంచి బూర్గంపహాడ్ వైపు పోయే దారిలో అడవి అంచున ఉన్నది. ఒక ప్రక్క కిన్నెరసాని, కొంత దూరాన గోదావరి. ఊరు దాటితే కోయగూడేలు. మేము దూదేకులవాళ్ళం. మా ఇండ్లలో తెలుగే మాట్లాడతారు. మా తాత ముహూర్తాలు లేని మాసాల్లో దూది ఏకేవాడు; ముహూర్తాలున్న మాసాల్లో సన్నాయి వాయించేవాడు. విల్లూ సన్నాయీ రెండూ మా ఇంట్లో ఒకే గోడకు వ్రేలాడేవని నాయనమ్మ చెప్పేది. ఆయన పేరు పొందిన విద్వాంసుడేమీ కాదు. చుట్టుప్రక్కల పది ఊళ్ళ పెండ్లిళ్ళకు పిలుపు వచ్చే వాయిద్యగాడు, అంతే.

ఈ సంగతి చెప్పడానికి నాకు ముప్ఫై ఏండ్లు పట్టింది. కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజుల్లో వసతి గృహంలో ఒక మిత్రుడు "మీ తాతగారు ఏం చేసేవారు?" అని మామూలుగా అడిగాడు. "వ్యవసాయం" అన్నాను. మాకు సెంటు భూమి లేదు. ఆ అబద్ధం ఎంత సులువుగా వచ్చిందంటే, అడిగిన వారికల్లా అదే చెప్పడం అలవాటైపోయింది. హిందువుల ఇండ్లలో మమ్మల్ని తురకలనేవారు. పట్నంలో ఉర్దూ మాట్లాడేవారు మమ్మల్ని సగం సాయిబులనేవారు. రెండు వైపులా సగమే అయిన మనిషికి తాత చేతిలోని సన్నాయి బరువుగా తోచడంలో వింత లేదు. వింత లేకపోయినా, అది తప్పే.

మా చెల్లెలికి ఖమ్మంలో సంబంధం కుదిరింది. వరుని కుటుంబం ఉర్దూ మాట్లాడే మర్యాదస్థులు. పెండ్లిచూపులనాడు వరుని తండ్రి అదే ప్రశ్న అడిగారు. నేను అదే జవాబు చెప్పాను. నాన్న తల వంచుకుని తేనీటి కప్పు వైపు చూశారు. చెల్లెలు తలుపు వెనుక నుంచి విన్నది.

2023 ఫిబ్రవరిలో నిఖా జరపాలని నిశ్చయమైంది. భోజనాలు, పందిరి, బంధువుల బస — ఇవన్నీ రెండు రోజుల్లో తేలిపోయాయి. మేళం దగ్గర మాత్రం ఇల్లు నాలుగు ముక్కలైంది.

మా పినతండ్రి కొడుకులు డీజే కావాలన్నారు. లారీ మీద పెట్టెలు కట్టి తెస్తే ఊరంతా వినబడుతుందని వారి ఉత్సాహం. మా మేనమామ బ్యాండు మేళం కావాలన్నాడు. ఎర్ర కోట్లు, బాకాలు, ముందు నడిచే దీపాల బుడ్లు లేకపోతే బారాత్ బారాత్‌గా ఉండదని ఆయన వాదన. హైదరాబాదులో చదివి వచ్చిన మేనల్లుడు మర్ఫా పేరు ఎత్తాడు. మర్ఫా వినని విద్యార్థులకు ఒక మాట: నిజాముల కొలువులో సైనికులుగా చేరిన అరబ్బులూ ఆఫ్రికా సంతతివారూ తమతో తెచ్చుకొన్న డోళ్ళ వాద్యమది. హైదరాబాదు పెండ్లిళ్ళలో ఇవ్వాళ అది లేనిదే సందడి లేదు. అంత దూరం నుంచి మనుషుల్ని రప్పించే శక్తి మాకు లేదు గనుక అది అక్కడే ఆగింది. మసీదు పెద్దలలో ఒకరు, మా నాన్నకు బాల్యమిత్రులు, "ఏ మేళమూ వద్దు. నిఖా నిరాడంబరంగా ఉంటేనే బరకత్. మరీ కావాలంటే దఫ్ చాలు" అన్నారు. నిఖాను నలుగురికీ తెలిసేటట్లు జరపాలనీ, అందుకు దఫ్ వాయించడం ప్రవక్త కాలం నుంచీ ఉన్నదనీ ఆయనే వివరించారు. ఆ మాటను నేను గౌరవంతోనే విన్నాను. నేను తెలుగు చెప్పుకొనే మాస్టరును, ఆలిమ్‌ను కాను. ధర్మాధర్మ నిర్ణయం నా పని కాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

నాయనమ్మ ఇవేవీ వినలేదు. ఎనభై దాటిన మనిషి. మంచం మీద కూర్చుని, "నా పెండ్లికి సన్నాయి ఊదినారు. మీ నాయన పెండ్లికి మీ తాతే ఊదినాడు. దీని పెండ్లికి మాత్రం ఎవ్వరూ ఊదకపోతే, ఇది ఎవరింటి పిల్ల అనుకోవాలె?" అన్నది.

తాత సన్నాయి పెట్టెలోనే ఉన్నది. ఒకనాటి రాత్రి తీసి చూశాను. కర్ర చెదలు పట్టలేదు గాని, నోట పెట్టుకొనే పీక ఎండి చీలిపోయింది. పీక లేని సన్నాయి వట్టి కట్టె. ఏడు రంధ్రాల మీద వ్రేళ్ళు ఆనించి చూసుకున్నాను. తాత వ్రేళ్ళ రాపిడికి రంధ్రాల అంచులు నునుపెక్కి ఉన్నాయి. ఆ నునుపును వ్యవసాయం అని ఎట్లా అన్నానో ఆ రాత్రి నాకే బోధపడలేదు.

మర్నాడు మేనమామను వెంటబెట్టుకొని మేళం వెదకడానికి బయలుదేరాను. ఆయనకు ఇష్టం లేదు; అయినా అక్క కూతురి పెండ్లి గనుక వచ్చాడు. పాల్వంచలో ఇద్దరు ముగ్గురిని అడిగితే, కుక్కునూరు దగ్గర ఒక పెద్దాయన ఉన్నాడని చెప్పారు. ఆ మండలం మొన్నమొన్నటి దాకా మన ఖమ్మం జిల్లాలోదే. పోలవరం ప్రాజెక్టు కారణంగా 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. పెద్దాయన ఇల్లు ఒక రాష్ట్రం, ఆయన వాయించే పెండ్లిళ్ళు మరొక రాష్ట్రం.

మేళాన్ని ఇంట్లో కూర్చోబెట్టి వింటే తెలియదనీ, పెండ్లిలో వినాలనీ నాయనమ్మ హెచ్చరించి పంపింది. అందుచేత ఆయన వాయిస్తున్న ఒక పెండ్లికే వెళ్ళి దూరంగా నిలబడ్డాము. ప్రధాన సన్నాయి ఆయనది. ప్రక్కన శ్రుతి పట్టేందుకు ఒక కుర్రవాడు. డోలుకు ఒకరు, తాళానికి ఒకరు. డోలు వాయించే అతని కుడి చేతి వ్రేళ్ళకు గట్టి తొడుగులు, ఎడమ చేతిలో కర్ర. ఊరిలో వానరాగం వలె వినబడే ఆ చప్పుడు దగ్గర నుంచి వింటే ఎంత లెక్కగా సాగుతుందో ఆనాడే గమనించాను. నాకు నచ్చినది వాద్యం కన్నా ఆ పెద్దాయన చూపు. ఊదుతున్నంత సేపూ ఆయన కళ్ళు పురోహితుని మీదే ఉన్నాయి. మంత్రం నడిచేటప్పుడు స్వరం తగ్గించేవాడు. పురోహితుడు చేయి ఎత్తగానే డోలు అతనికి కనుసైగ చేసేవాడు. అప్పుడు గట్టిమేళం లేచేది. ఆ రణగొణలో తుమ్ము గాని అశుభపు మాట గాని ఎవరి చెవినా పడదని పెద్దలంటారు.

భోజనాల పిమ్మట ఆయనను కలిశాము. ఆయన నాయీబ్రాహ్మణుడు, తరతరాల భజంత్రీల ఇంటివాడు. విషయం చెప్పి, ఎంతమంది వస్తారు, ఎన్ని గంటలు వాయిస్తారు, దారి ఖర్చు ఎవరిది, బయానా ఎంత అని మేనమామ వరుసగా అడిగాడు. నలుగురికీ కలిపి పదహారు వేలు, భోజనం మనది, బండి మనది అని తేలింది. డీజేకు మావాళ్ళు మాట్లాడి వచ్చిన మొత్తంలో అది సగం కూడా కాదు. బయానా మాత్రం కొంచెం ఎక్కువ కావాలన్నాడు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. 1986లో 75 అడుగులు దాటిన తరువాత అంతటి వరద అదే. ఆ నీరు ఆయన ఇంట్లోకి వచ్చినప్పుడు సన్నాయిని చంకన పెట్టుకొని గట్టెక్కాడట గాని, డోలు నాని పాడైందట. ఆనాడు మేము విన్నది అరువు డోలు. మేనమామ బేరమాడకుండా బయానా చేతిలో పెట్టాడు.

అప్పుడు పెద్దాయన నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "సారూ, మాంగల్యధారణ అప్పుడు మేము గట్టిమేళం వేస్తాం. మీ నిఖాలో తాళి కట్టుడు ఉండదు గదా. గట్టిమేళం ఎప్పుడు వెయ్యాలె?"

నేను ఎన్నో నిఖాలు చూశాను. సాక్షిగా సంతకమూ పెట్టాను. ఆయినా ఆ ప్రశ్నకు నా వద్ద జవాబు లేదు. "కనుక్కొని చెబుతాను" అన్నాను. ఇంటికి వచ్చి నాయనమ్మను అడిగితే, ఉప్పెంత వేయాలో చెప్పినంత తేలికగా చెప్పింది: "కాజీ సాబు కూసున్నప్పుడు సన్నాయి బట్ట మీద పెట్టాలె. ఖుత్బా అయ్యేదాక, పిల్ల ఒప్పుకున్నదని వకీలు వచ్చి చెప్పేదాక, పిల్లగాడు కబూల్ అనేదాక చప్పుడు ఉండొద్దు. దువా అయ్యి, అందరూ ఆమీన్ అని చేతులు ముఖానికి రుద్దుకున్నంక ఖర్జూరాలు చల్లుతరు సూడు, అప్పుడు. మీ తాత అట్లనే చేసెటోడు." అంటే మా తాతా, ఆయన వంటివారూ ఈ సమస్యను ఎప్పుడో పరిష్కరించుకొన్నారన్నమాట. అది ఏ గ్రంథంలోనూ లేదు. ఆ మనిషి పోతే ఆ జవాబు కూడా పోయేదే.

బయానా ఇచ్చిన వారం రోజులకు ఖమ్మం నుంచి కబురు వచ్చింది. సన్నాయి మేళం సంగతి ఎవరో చేరవేశారు. "అది గుడి వాద్యం. మా బంధువులు ఏమనుకుంటారు? మీరు అసలు ఎటువంటివారు?" అన్నది దాని సారాంశం. నాన్న వెంటనే మేళం వద్దని చెప్పేద్దామన్నారు. బయానా పోతే పోయిందన్నారు. మేనమామ మాత్రం, చిత్రంగా, "ఆ ముసలాయన డోలు చేయించుకుంటున్నాడు" అని గొణిగాడు.

నేను ఒంటరిగా ఖమ్మం వెళ్ళాను. ఆ ప్రయాణమంతా ఏమి మాట్లాడాలో ఊహించుకున్నాను. భద్రాచలంలో ఆస్థాన విద్వాంసుడుగా దశాబ్దాల పాటు శ్రీరామచంద్రుని సన్నిధిలో నాదస్వరం వాయించిన గోసవీడు షేక్ హసన్ సాహెబు గురించి చెబుదామనుకున్నాను. ఆయన 2021లో మరణించగా 2022లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళినప్పుడల్లా మా తాత ఆయన వాద్యం విని వచ్చి ఇంట్లో సాధన చేసేవాడని నాయనమ్మ చెప్పేది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా సాహెబు సంగతీ చెబుదామనుకున్నాను. ఆయనకు 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు లభించాయి. ఆయన శ్రీరంగంలో నెలకొల్పిన ఆశ్రమంలో నేర్చుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ జంటలో ఒకరు స్త్రీ అన్న సంగతి మన విద్యార్థినులు గమనింతురు గాక. ఇంతమంది సాహెబులు ఊదిన వాద్యం మనది కాకుండా ఎట్లా పోతుందని వాదించాలని నా పథకం.

వారి ముందుగదిలో కూర్చున్న తరువాత ఆ పేర్లలో ఒక్కటీ నోట రాలేదు. బిరుదులున్నవారి వెనుక దాక్కోవడం కూడా వ్యవసాయం అని చెప్పడం వంటిదే అనిపించింది. "మా తాత వ్యవసాయదారుడు కాదండీ. సన్నాయి వాయించేవాడు. దూది ఏకేవాడు. మేము దూదేకులవాళ్ళం. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను" అన్నాను.

వరుని తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. ఆయనకు కోపం వచ్చింది. అది సన్నాయి మీద కోపం కాదు, అబద్ధం మీద కోపం, న్యాయమైనదే. లోపలి గదిలో పరదా వెనుక నుంచి ఆయన తల్లి ఉర్దూలో, "ఏ వాద్యం గురించి బేటా?" అని అడిగింది. "సన్నాయి" అని ఆయన విసుగుగా చెప్పారు. "షెహనాయీ యేనా?" అన్నది ఆమె. "అందులో తప్పేముంది? బిస్మిల్లా ఖాన్ వాయించలేదా? మీ నాన్నతో నా నిఖా అయిన ఇంట్లో పొద్దుటి నుంచీ షెహనాయీ మ్రోగింది." 1947 ఆగస్టులో స్వాతంత్ర్యం వచ్చిన వేళ ఎర్రకోటలో షెహనాయీ వాయించిన ఆ మహానుభావునికి 2001లో భారతరత్న ఇచ్చారు. సన్నాయి, షెహనాయీ — రెండు పేర్లూ ప్రక్కప్రక్కన పలికితే చుట్టరికం చెవికే తెలుస్తుంది. తెలుగు ఎం.ఏ. చదివిన నాకు తట్టని మాట బడి ముఖం చూడని ఆ వృద్ధురాలికి తట్టింది.

కథ అంతటితో సుఖాంతమైందని వ్రాస్తే అది మరొక అబద్ధమవుతుంది. వారు ఒప్పుకున్నారు గాని, షరతులు పెట్టారు. సన్నాయి పెండ్లికూతురి ఇంటి వద్దనే ఉండాలి. బారాత్‌కు వారి బ్యాండు వారు తెచ్చుకుంటారు. సరే అన్నాను. పెండ్లినాడు వారి బంధువులలో పెద్దలు ఇద్దరు విందు తినకుండా వెళ్ళిపోయారు. సన్నాయి వల్లనా, దూదేకుల అన్న మాట వల్లనా అని నేను అడగలేదు.

పెండ్లి ఉదయం ఫజర్ నమాజు ముగిసిన కొంతసేపటికి మేళం మొదలైంది. నాయనమ్మ మంచాన్ని పందిట్లోకి తెప్పించుకున్నది. మా ఊరి ప్రక్క గూడెం నుంచి వచ్చిన కోయ పెద్దలు కొందరు డోలు ప్రక్కనే కూర్చుని చేతులతో మోకాళ్ళ మీద దరువు వేశారు. డోలు విలువ వారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. సమ్మక్క సారలమ్మల గాథను డోలీ వాయిస్తూ కోయ భాషలో పాడిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య గారికి కూడా 2022లోనే పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయనా కన్నుమూశారు. ఒకే సంవత్సరం ఈ గోదావరి తీరపు అడవి అంచున ఒక సన్నాయికీ ఒక డోలీకీ గౌరవం దక్కింది. నేర్చుకొనేవారు ఎందరున్నారన్నది వేరే ప్రశ్న.

కాజీ గారు వచ్చి కూర్చున్నారు. పెద్దాయనకు సైగ చేయవలసిన బాధ్యత నాది. వకీలునూ సాక్షులనూ పిలిచే తొందరలో నేను మరచిపోయాను. గుండె జల్లుమని తిరిగి చూసేసరికి సన్నాయి అప్పటికే తెల్లని బట్ట మీద పడుకొని ఉన్నది. ఆయన కళ్ళు కాజీ గారి మీద ఉన్నాయి. ఖుత్బా ముగిసింది. కబూల్ అన్న మాట వినబడింది. దువా సాగింది. అందరి చేతులతో పాటు ఆ భజంత్రీ చేతులు కూడా ఒళ్ళో తెరచుకొని ఉన్నాయి. ఆమీన్ అన్నాము. ఖర్జూరాలు లేచాయి. అప్పుడు లేచింది గట్టిమేళం, కొత్త తోలు బిగించిన డోలు మీద.

కాజీ గారు ఏమంటారోనని చూశాను. ఆయన ఒక ఖర్జూరం నోట వేసుకొని, చెప్పులు వెదుక్కుంటున్నారు.

సాయంకాలం అప్పగింతల వేళ పెద్దాయన మధ్యమావతి వాయించాడు. చెల్లెలు నా భుజం మీద తల ఆనించి, ఎవరికీ వినబడకుండా, "అన్నయ్యా, నిజం చెప్పడానికి నీకు నా పెండ్లే దొరికిందా? వాళ్ళు కాదంటే ఏం చేసేవాడివి?" అన్నది. నేను జవాబు చెప్పలేదు. ఇప్పటికీ నా వద్ద జవాబు లేదు. పదేండ్ల క్రితం వసతి గృహంలోనే చెప్పి ఉంటే ఎవరికీ నష్టం లేకుండా పోయేది. ఆలస్యంగా చెప్పిన నిజానికి వడ్డీ ఉంటుంది. నా వడ్డీ భారం నా చెల్లెలి మీద పెట్టాను. ఆమె అత్తవారింట్లో సుఖంగానే ఉన్నది. అది నా తెలివి వల్ల కాదు, వారి మంచితనం వల్ల.

ప్రశ్న వేసిన విద్యార్థికి నా సమాధానం ఇది. నాయనా, పెట్టించవచ్చునా అన్నదానికి తీర్పు చెప్పే అధికారం నాకు లేదు, పెద్దలను అడుగు. కాని నీ ఇంట్లో పెండ్లి వచ్చి, ఏ మేళం పెట్టాలన్న మాట వచ్చినప్పుడు, ఖరీదు అడగడానికి ముందు మీ నాయనమ్మ పెండ్లిలో ఏమి వాయించారో అడుగు. తరువాత ఆ వాయిద్యగాని వద్దకు వెళ్ళి, వాయించడం ఎప్పుడు మొదలుపెడతావని కాదు, ఎప్పుడు ఆపుతావని అడుగు. ఆపడం తెలిసినవాడు ఏ మతం వారి పందిట్లోనైనా కూర్చోగలడు. ఆ పెట్టెలకు ఆ సంగతి తెలియదు.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక విన్నపం. మన వార్షికోత్సవానికి అతిథులను లోనికి తెచ్చేటప్పుడు ఏటా ధ్వనివర్ధకంలో ఏదో ఒక రికార్డు వేస్తున్నాము. ఈసారి ఒక పూట ఆ కుక్కునూరు పెద్దాయన మేళాన్ని పిలిపించవలసిందిగా కోరుతున్నాను. ఖర్చు ఎక్కువ కాదు. బండి ఏర్పాటు నేను చూసుకుంటాను. తాత సన్నాయికి కొత్త పీక కట్టించడానికి ఆయనకే ఇచ్చి ఉన్నాను. ఆ రోజున తెస్తానన్నాడు.